మండువాకు వేసిన పన్ను: మా ఇంటి కొలత సరిచేయించుకున్న అనుభవం

సంవత్సరం మొత్తానికి ఇంటి పన్నును ఏప్రిల్ 30లోగా ఒకేసారి కట్టేస్తే అయిదు శాతం రాయితీ ఇస్తారు కనుక, మా నాన్నగారు బతికున్నన్నాళ్లూ ఉగాది వెళ్లిన రెండు వారాల్లోపే పురపాలక కార్యాలయానికి వెళ్లి, వరుసలో నిలబడి రసీదు తెచ్చుకునేవారు. ఆయన పోయాక ఆ పని నా మీద పడింది. కోస్తాలోని ఒక మధ్యతరహా పట్టణం మాది. అమ్మ పాత ఇంట్లో ఒక్కర్తే ఉంటుంది, నేను అదే ఊళ్లో మరో వార్డులో ఉంటూ పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. ఆ ఇల్లు పసుపు కుంకుమల కింద తాతగారు అమ్మకు ఇచ్చినది కాబట్టి కాగితాలన్నీ మొదటినుంచీ ఆమె పేరనే ఉన్నాయి. పేరు మార్పిడి బెడద లేకపోవడం వల్ల ఇంటి పన్ను విషయంలో నాకు కార్యాలయం మెట్లెక్కే అవసరం ఏనాడూ రాలేదు. ఫోన్‌లో అసెస్‌మెంట్ నంబరు కొట్టడం, కనిపించిన మొత్తం కట్టేయడం, అంతటితో సరి.

2025 ఏప్రిల్ రెండో వారంలో అలాగే కట్టబోతూ, వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వం నడిపే మన మిత్ర సేవలో 5,833 రూపాయలని చూసి ఆగాను. అంతకు ముందు సంవత్సరం అయిదు వేల చిల్లర కట్టినట్టు గుర్తు. అమ్మ ట్రంకుపెట్టె తీయించి, నాన్నగారు తెల్లదారంతో కుట్టి పెట్టిన రసీదుల కట్ట విప్పితే 2020-21కి కట్టిన పన్ను 2,900 రూపాయలు. ఆ తర్వాతి సంవత్సరాలవి నా ఫోన్‌లో ఉన్నాయి: 3,335, 3,835, 4,410, 5,072. లెక్కల టీచరుకు ఈ వరుస ఏమిటో చెప్పనక్కరలేదు. ఏటా సరిగ్గా 15 శాతం. పెరుగుదల ఏటా 15 శాతానికి మించదని ప్రభుత్వం మొదట ప్రకటించినప్పుడు ఊరటగా విన్న మాటే అది. కానీ నూటికి పదిహేను చొప్పున అయిదేళ్లు వరసగా పెరిగితే మొత్తం రెట్టింపు అవుతుందన్న సంగతిని, తరగతిలో చక్రవడ్డీ చెప్పే నేను కూడా మా అమ్మ ఇంటి పన్నుకు అన్వయించి చూసుకోలేదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021-22 నుంచి ఆస్తిపన్ను లెక్కకట్టే పద్ధతే మారిపోయింది. అంతకు ముందు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందని అంచనా వేసి, ఆ అద్దె విలువ మీద పన్ను వేసేవారు. నివాస గృహాలకు ఆ అంచనాలను 2002 తర్వాత సవరించలేదు. 2020 నవంబరులో వచ్చిన నిబంధనలతో అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చింది, అంటే రిజిస్ట్రేషన్ శాఖ లెక్క ప్రకారం స్థలానికీ కట్టడానికీ ఉన్న విలువలను కలిపి, కట్టడం వయసును బట్టి తరుగు తీసేసి, మిగిలిన దాని మీద శాతం చొప్పున పన్ను కడతారు. నివాసానికి 0.10 నుంచి 0.50 శాతం వరకూ, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకూ హద్దులు పెట్టి, ఆ హద్దుల్లో రేటు ఎంతన్నది ఏ ఊరికి ఆ ఊరు నిర్ణయించుకోమన్నారు. కొత్త లెక్కన వచ్చిన పన్ను పాతదానికంటే చాలా ఎక్కువైనా ఒక్కసారిగా వేయకుండా ఏటా 15 శాతం చొప్పున మెట్లు ఎక్కిస్తారు. ఆ మెట్ల చివర ఉన్న అసలు మొత్తం మాత్రం బిల్లు మీద కనిపించదు. అందువల్ల లెక్కలో తప్పు దొర్లి ఉంటే అది మొదటి ఏడాదే బయటపడదు. పన్ను ఎక్కుతూ ఎక్కుతూ న్యాయంగా రావలసిన మొత్తాన్ని దాటిన రోజున గానీ ఆ తప్పు మన జేబును తాకదు, ఆ రోజు ఏదో మనకు తెలియనూ తెలియదు. నా ఆరు నెలల తిరుగుడులో నాకు అర్థమైన అసలు విషయం ఇదే కనుక ముందే చెప్పేశాను.

ఆ అసలు మొత్తం ఎంతో తెలుసుకోవడానికి అమ్మ వార్డు సచివాలయానికి వెళ్లాను. పన్ను వసూలు చూసేది అక్కడి పరిపాలనా కార్యదర్శి. పాతికేళ్లు దాటి ఉండని ఒక అమ్మాయి, ముందు రెండు రిజిస్టర్లు, ఒక ట్యాబు, సగం తాగి మరచిపోయిన టీ గ్లాసు పెట్టుకుని కూర్చుంది. బిల్లు ఎక్కువైందని చెప్పగానే, రోజూ వినే మాటే కాబోలు, “అందరికీ పెరిగింది మేడమ్” అంది. పెరిగిన సంగతి కాదమ్మా, ఏ కొలతల మీద లెక్క కట్టారో చూడాలన్నాను. అప్పుడు తలెత్తి నా వంక ఒకసారి చూసి, కంప్యూటర్‌లో వెతికి ఒక పేజీ ముద్రించి ఇచ్చింది. అవసరమైతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడుగుదామని సిద్ధపడి వెళ్లాను గానీ ఆ పని పడలేదు. ఇంటి యజమాని తన ఇంటి లెక్క తాను అడిగితే దాచవలసింది ఏముంటుంది?

ఆ పేజీలో రెండు వరుసలున్నాయి. మొదటి దానిలో నివాసం, పెంకుటిల్లు, 46 అడుగులు × 38 అడుగులు, 1,748 చదరపు అడుగులు. రెండో దానిలో నివాసేతరం, దుకాణం, 18 × 10, 180 చదరపు అడుగులు. మొదటి దానికి ఏడాదికి 5,244, రెండో దానికి 1,620, మొత్తం 6,864 రూపాయలు. అంటే మేము కడుతున్న 5,833 కూడా ఇంకా దారిలో మజిలీయే. వచ్చే ఏడాది 6,708, ఆపైన 6,864. రెండు వరుసలూ తప్పేనని అక్కడ నిలబడి ఉండగానే నాకు తెలిసిపోయింది.

మా అమ్మది మండువా లోగిలి. నాలుగు వైపులా గదులూ వసారాలూ, నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, వానొస్తే నాలుగు చూరుల నీళ్లూ అందులోకే దిగి తూము గుండా పెరట్లోకి పోతాయి. కొలిచినవారు ఇంటి బయటి గోడల వెంబడి పొడవూ వెడల్పూ పట్టుకుని గుణించేశారు, లోపలికి వచ్చి చూసి ఉండరు. కప్పు లేని చోటుకు కూడా కప్పున్నట్టే పన్ను పడింది. ఇక దుకాణమన్నది వీధి వైపున్న రేకుల పంచ. అందులో ఒక దర్జీ పదేళ్లకు పైగా మిషను పెట్టుకున్న మాట నిజమే. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చాక అతను దుకాణం ఎత్తేసి సొంతూరు వెళ్లిపోయాడు. అప్పటినుంచీ అందులో ఉన్నవి వంట చెరుకు, నాన్నగారి సైకిలు, సంక్రాంతికి తప్ప బయటికి రాని పెద్ద గంగాళం. పాత రికార్డులో దుకాణమని ఉన్నది కొత్త లెక్కలోకి అలాగే దిగిపోయింది. దీనికి మేమూ కొంత బాధ్యులమే, వాడకం మారిందని అప్పుడే తెలియజేయవలసింది.

మరుసటి ఆదివారం మా అబ్బాయిని వెంటబెట్టుకుని టేపుతో వెళ్లాను. అంగుళాలు వదలకుండా కొలిచాం. మండువా లోపలి అంచు నుంచి లోపలి అంచుకు 14 అడుగులు, అడ్డంగా 12 అడుగులు, అంటే 168 చదరపు అడుగులు. చూరు ఎంతవరకు ముందుకొచ్చిందో అంతవరకు కప్పు కిందే లెక్కలోకి వస్తుందేమోనన్న అనుమానంతో ఆ కొలత కూడా విడిగా రాసుకున్నాను. గ్రాఫు కాగితం మీద గదులన్నీ గీసి, మండువాను ఖాళీగా వదిలి, చుట్టూ పెన్సిలుతో గీతలు నింపాను. 1,748లో 168 పోతే 1,580. అమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూస్తూ, “మీ తాతయ్య ఇల్లు కట్టేటప్పుడు కూడా ఇంత కొలవలేదే” అంది.

ఆ రాత్రి రాసిన అర్జీ రెండు పేజీలు వచ్చింది. వృద్ధురాలు, భర్త లేరు, పింఛను తప్ప ఆదాయం లేదు, అయిదేళ్లలో పన్ను రెట్టింపు కావడం అన్యాయం అంటూ, ఇప్పుడు చదువుకుంటే నాకే సిగ్గేసే ధోరణిలో రాశాను. మర్నాడు సచివాలయంలో ఆ అమ్మాయి ఓపిగ్గా చివరిదాకా చదివి, “మేడమ్, అన్యాయం అన్న మాటకు మా కంప్యూటర్‌లో గడి లేదు. కొలతకు ఉంది, వాడకానికి ఉంది, కట్టడం రకానికి ఉంది, వయసుకు ఉంది. ఈ నాలుగింటిలో ఏది తప్పో అది రాయండి, మిగతాది తీసేయండి” అంది. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఇంత స్పష్టంగా పాఠం చెప్పినవారు తక్కువ. ఆమె చెప్పినదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా: పన్ను రేటు ఎంతుండాలన్నది ప్రభుత్వం, కౌన్సిల్ తేల్చే విషయం, దాని గురించి పోట్లాడదలిస్తే కౌన్సిలరు దగ్గరికో, ఎన్నికల్లో ఓటు దగ్గరికో వెళ్లాలి, కార్యాలయంలో గుమాస్తా దగ్గర కాదు. ఆ రేటును గుణించడానికి వాడిన అంకెలు మాత్రం మనం సరిచేయించుకోగలిగినవి. పన్ను ఎక్కువైందని రాసిన అర్జీకి అందరికీ పెరిగిందన్న జవాబు సిద్ధంగా ఉంటుంది, 168 చదరపు అడుగులకు కప్పు లేదని రాసిన అర్జీకి మాత్రం ఎవరో ఒకరు వచ్చి పైకి చూసి తీరాలి.

రెండు పేజీలు అరపేజీ అయ్యాయి. మొదటి పేరాలో మండువా, రెండో పేరాలో పంచ, చివర అసెస్‌మెంట్ నంబరు. జతపరచినవి గ్రాఫు కాగితం మీది నక్షా, దస్తావేజు నకలు, మండువా ఫోటోలు రెండు, పంచ లోపలి ఫోటో ఒకటి, ఇంటి కరెంటు బిల్లు, తాజా పన్ను రసీదు.

రసీదు దగ్గర మాత్రం ఒక చిక్కు వచ్చింది. లెక్క తప్పని తెలిసీ ఆ తప్పు మొత్తం ముందు కట్టడమా, తేలేదాకా ఆపడమా? ఇంట్లో వాదన జరిగింది. బకాయి ఉంటే దరఖాస్తు ముందుకు కదలదని సచివాలయంలో చెప్పారు. ఆపితే ఏప్రిల్ 30 దాటి అయిదు శాతం రాయితీ పోతుంది, గడువు దాటిన పన్ను మీద నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది. ఏప్రిల్ 28న రాయితీ పోను 5,541 రూపాయలు కట్టేసి, ఈ మొత్తం మీద అభ్యంతరం ఉందనీ సవరణ జరిగితే మిగులును సర్దుబాటు చేయాలనీ అర్జీలో ఒక వాక్యం చేర్చాను. ఈ వడ్డీ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. ఆ మార్చి నెలాఖరులోనే, బకాయిలు కట్టేవారికి వడ్డీలో సగం మాఫీ అని ప్రభుత్వం ప్రకటించింది. నాలుగేళ్లుగా పన్ను కట్టని మా ఎదురింటాయన అది వాడుకుని, ఎంత ఆదా అయిందో మా అమ్మకు వివరంగా చెప్పి వెళ్లారట. ఒక్క రోజు ఆలస్యం చేయకుండా నలభై ఏళ్లు పన్ను కట్టిన మనిషి భార్యకు ఆ సంభాషణ అంత రుచించలేదు.

మే 5న అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకున్నాను. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి కొలుస్తారని చెప్పారు. ఎండలు ముదిరాయి, బడికి సెలవులిచ్చారు, నేను రోజూ పొద్దున్నే అమ్మ ఇంటికి వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. జూన్‌లో బడులు తెరిచాక, మూడో వారంలో ఒకనాడు నా ఫోన్‌కు సందేశం వచ్చింది: మీ దరఖాస్తు పరిష్కరించబడినది. సంతోషంగా తెరిచి చూస్తే, తనిఖీ సమయంలో ఇంటికి తాళం వేసి ఉన్నందున దరఖాస్తు మూసివేయడమైనదని ఉంది.

మా అమ్మ గడప దాటేది రెండే పనులకు, శనివారం గుడికి, నెలకోసారి రక్తపోటు మాత్రలకు. గుడికి వెళ్లినా తాళం వేయదు, పక్కింటి పిల్లను అరుగు మీద కూర్చోబెట్టి వెళుతుంది. మరి తాళం ఎక్కడిది? చాలాసేపు ఆలోచిస్తే తట్టింది. వీధి వైపున్న పంచకు తాళం ఉంది. దుకాణం అని రికార్డులో ఉన్న చోటును చూడ్డానికి వచ్చినవారు ఆ తలుపుకున్న తాళం చూసి వెనక్కి తిరిగి ఉండవచ్చు, అసలు రాకుండానే రాసి ఉండవచ్చు. ఏది జరిగిందో నేను రుజువు చేయలేను. పది అడుగుల దూరంలో తెరిచి ఉన్న వీధి తలుపు ఎవరికీ కనబడకపోవడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

మళ్లీ సచివాలయానికి వెళ్తే ఆ అమ్మాయి ఇబ్బందిగా ముఖం పెట్టి, మూసేసిన దరఖాస్తు తాను తెరవలేనని చెప్పి, ఇంకో సంగతి బయటపెట్టింది. పంచకు విడిగా ఒక కరెంటు మీటరు ఉంది, అది వాణిజ్య కేటగిరీలో ఉంది, అది ఉన్నన్నాళ్లూ దుకాణం లేదని ఎంత చెప్పినా పై అధికారులు ఒప్పుకోరు. నిజమే. దర్జీ వెళ్లిపోయినప్పుడు ఫ్యూజులు పీకి పెట్టాం తప్ప కనెక్షను రద్దు చేయించలేదు. గోడ మీద మీటరు అలాగే బూజు పట్టి ఉంది.

దాంతో పురపాలక సంఘం పని కాస్తా కరెంటు ఆఫీసు పనిగా మారింది. కనెక్షను రద్దు చేయించాలంటే ముందు దాని మీద ఉన్న బకాయి తీర్చాలి. వాడినా వాడకపోయినా కొన్నాళ్లపాటు పడిన కనీస చార్జీలు పేరుకుని ఉన్నాయి. అవి కట్టి దరఖాస్తు ఇచ్చాక లైన్‌మన్ వచ్చి మీటరు విప్పుకుపోవడానికి పది రోజులు పట్టింది. ఆ గోడ మీద ఇప్పుడు మీటరు ఆకారంలో తెల్లటి సున్నపు చదరం ఒకటి మిగిలింది. సర్వీసు తొలగించినట్టు సంతకంతో కాగితం తీసుకోవడానికి ఇంకో రెండు తిరుగుళ్లు. ఎవరైనా వీధి గది అద్దెకిచ్చి ఖాళీ చేయిస్తే, మిగతా ఏ పనికన్నా ముందు ఈ కాగితం తీసుకుని దాచుకోవాలని నా సలహా. దర్జీకి ట్రేడ్ లైసెన్సు ఉండి ఉంటే దాన్ని కూడా రద్దు చేయించవలసి వచ్చేది. లేకపోవడం వల్ల ఆ ఒక్క మెట్టు తప్పింది. నియమం పాటించనివాడి వల్ల పాటించేవాళ్లకు కలిసొచ్చిన సందర్భం అదొక్కటే నాకు గుర్తు.

జూలై 7 సోమవారం ఒక పూట సెలవు పెట్టి ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లాను. ప్రతి సోమవారం అధికారులు కూర్చుని అర్జీలు నేరుగా తీసుకునే ఏర్పాటు అది. అంతకు ముందు ప్రభుత్వంలో స్పందన అనేవారు, పేరు మారినా వరుస మారలేదు. నా ముందు పదకొండు మంది ఉన్నారు. మురుగు కాలువ పూడిక తీయలేదని ఒకరు, కుళాయి నీళ్లు ఉదయం అయిదుకు బదులు నాలుగుకే వదలడం వల్ల నిద్ర చాలడం లేదని ఒకరు, తన ఖాళీ స్థలంలో పక్కవాళ్లు చెత్త పోస్తుంటే నోటీసు తనకొచ్చిందని మరొకరు. వినడానికి చిన్నవే, అనుభవించేవాళ్లకు ఒక్కొక్కటీ రోజూ ఉండేవి. నా వంతు వచ్చినప్పుడు మూసివేత సందేశం ముద్రించిన కాగితం, మీటరు తొలగింపు కాగితం, నక్షా ఒకదాని పక్కన ఒకటి బల్ల మీద పరిచాను. అధికారి నక్షాలోని ఖాళీ గడి మీద వేలు పెట్టి, “ఇదేమిటి?” అన్నారు. మండువా సార్ అన్నాను. ఆయన మా ప్రాంతం వారు కారేమో, అర్థం కాలేదు. ఇంటి మధ్యలో కప్పు లేని చోటు అని చెప్పాక, తేదీ వేసి తనిఖీ చేయమని రాసి, అర్జీ నంబరు ఇప్పించారు. తనిఖీకి వచ్చే ముందు నాకు ఫోన్ చేయాలని కూడా రాయమని అడిగాను, రాశారు. ఆ ఒక్క వాక్యమే పని చేసిందనుకుంటాను.

జూలై 17న ఉదయం తొమ్మిదికి ఫోన్ వచ్చింది, పదింటికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, వార్డు ప్రణాళికా కార్యదర్శి ఇద్దరూ వచ్చారు. హెడ్‌మాస్టరుగారికి చెప్పి మొదటి పీరియడు అవగానే నేనూ పరుగెత్తాను. నేను చేరేసరికి వాళ్లు ఇంటి బయట గోడ వెంబడి టేపు పట్టుకుని ఉన్నారు. మళ్లీ అదే 46, అదే 38. లోపలికి రండి సార్ అని నేను అనేలోగా అమ్మ గడపలో నిలబడి, “బాబూ, కాళ్లు కడుక్కోనక్కర్లేదు గానీ లోపలికొచ్చి ఒక్కసారి పైకి చూడండి” అంది.

ఇద్దరూ వచ్చి మండువాలోకి దిగారు. రాత్రి కురిసిన వాన నీళ్లు తూము దగ్గర ఇంకా అరంగుళం నిలిచి ఉన్నాయి, ఒక మూల తులసి కోట, ఇంకో మూల ఆరేసిన మా అమ్మ చీర. ఇన్‌స్పెక్టరుగారు తలెత్తి చూశారు, ఎండ కళ్లలో పడి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన నవ్వి, “మా అమ్మమ్మగారింట్లో ఇలాగే ఉండేదండి, పడగొట్టేశాం” అన్నారు. ఆపైన పని చకచకా సాగింది. ప్రణాళికా కార్యదర్శి ఒక చివర, నేను ఒక చివర టేపు పట్టుకున్నాం. చూరు సంగతి నేనే లేవనెత్తాను. చూరును లెక్కలోకి తీసుకోరనీ, గోడా స్తంభాల అంచులే చూస్తారనీ చెప్పి, 14 × 12 అనే రాసుకున్నారు. పంచ తలుపు తీయించి సైకిలునూ కట్టెలనూ ఫోటో తీశారు. గోడ మీద సున్నపు చదరాన్ని కూడా తీశారు. వెళ్లబోతూ నివేదిక మీద అమ్మ సంతకం పెట్టించుకున్నారు. తాళం వేసి ఉందని రాసింది ఈయనేనా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చి ఇవ్వడంతో ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

తనిఖీ తర్వాత కాగితం ఇన్‌స్పెక్టరు నుంచి రెవెన్యూ అధికారికి, అక్కడినుంచి కమిషనరుకు వెళ్లాలి. ఆగస్టు మొత్తం ఏమీ జరగలేదు. రెండుసార్లు ఫోన్‌లో స్థితి చూస్తే రెండుసార్లూ పరిశీలనలో ఉంది అనే వచ్చింది. సెప్టెంబరు రెండో వారంలో సవరణ ఉత్తర్వు అందింది. నివాసం 1,580 చదరపు అడుగులు, పన్ను 4,740. పంచను నివాసానికి అనుబంధ కట్టడంగా మార్చి 306. మొత్తం 5,046 రూపాయలు. ఈ ఏడాదికి మేము కట్టినదాంట్లో, రాయితీ కూడా కొత్త మొత్తానికే లెక్కకట్టగా, 747 రూపాయలు మిగులుగా తేలి వచ్చే ఏడాది పన్నుకు జమ అయ్యాయి.

గడిచిన సంవత్సరాల మాటేమిటని రెవెన్యూ విభాగంలో అడిగాను. అక్కడి గుమాస్తాగారు కాలిక్యులేటరు నా వైపు తిప్పి చూపించారు. సరైన మొత్తం 5,046 అయినప్పుడు, మెట్లు ఎక్కే క్రమంలో 2023-24 దాకా మేము కట్టింది అంతకంటే తక్కువే. దాటింది 2024-25లో, 26 రూపాయలు. “దానికి కూడా అర్జీ ఇస్తారా?” అన్నారు. ఆయన వేళాకోళానికి అనలేదు, ఫారం నిజంగానే చేతిలో ఉంది. వద్దన్నాను. అర్జీ కాగితాల జిరాక్సులకే అంతకు రెట్టింపు అయింది. ఇంకో రెండేళ్లు ఊరుకుని ఉంటే మాత్రం ఏటా 1,818 రూపాయలు అదనంగా కడుతూ, ఇల్లు ఉన్నన్నాళ్లూ కడుతూనే ఉండేవాళ్లం.

ఉత్తర్వు ఫోటోను, ఇంటి నంబరు కనబడకుండా కొట్టేసి, అమ్మ వార్డు వాట్సాప్ బృందంలో పెట్టాను. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుంది, కౌన్సిల్ సమావేశంలో మన రోడ్డు సంగతి వచ్చిందా అన్న మాటలతో నడిచే బృందం అది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చెత్త పన్ను రద్దు ప్రకటించినప్పుడు తప్ప అందులో పన్నుల గురించి పెద్ద చర్చ జరగలేదు. ఈసారి మాత్రం సాయంత్రానికి ఇరవై మంది తమ లెక్క పేజీ ఎలా తీసుకోవాలని అడిగారు. రెండు వారాల్లో తేలినవి చెబుతాను. ఒకరింట్లో పడిపోయిన పశువుల పాక ఇంకా కాగితం మీద నిలబడే ఉంది. ఒకరి పెంకుటింటిని స్లాబు ఇల్లుగా రాశారు. ఇంకొకాయన లెక్క తీయిస్తే, మేడ మీద వేసిన గది అసలు రికార్డులోనే లేదని తెలిసింది. ఆయన నాకు ఫోన్ చేసి, ఇప్పుడేం చేయాలని చాలా మెల్లగా అడిగారు. చెప్పేయడమే మంచిదన్నాను. తప్పులు ఒకవైపే ఉండవు గదా. చెప్పారో లేదో నేను మళ్లీ అడగలేదు.

దసరా సెలవుల్లో అమ్మ దగ్గరికి వెళితే అరుగు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో వేస్తుందట, వీధి గది అద్దెకు కావాలట, నెలకు పదిహేను వందలు ఇస్తుందట. అమ్మ అప్పటికే సైకిలును లోపలి వసారాలోకి మార్పించింది. నేను ట్రంకుపెట్టెలోంచి ఉత్తర్వు తీసి, గది మళ్లీ దుకాణమైతే 306 పోయి 1,620 వస్తుందనీ, అంటే ఏడాదికి 1,314 ఎక్కువనీ, మీటరు కొత్తగా పెట్టించాలనీ, ఈసారి వాడకం మారిందని మనమే ముందుగా రాసి ఇవ్వాలనీ చెప్పాను. అమ్మ వేళ్ల మీద లెక్క వేసుకుని, “ఒక్క నెల అద్దె పోతుంది, అంతేగా. ఆ కాగితమేదో ఇప్పుడే రాసెయ్, మళ్లీ మూడేళ్ల తర్వాత నువ్వు ఎండలో తిరగలేవు” అంది.